ఆదోనికి పోని బిళ్ళ

మీ ఇంట్లో కంపెనీ ఉద్యోగం చేసే పిల్లలుంటే ఈ మాట వినే ఉంటారు. కొన్ని ఆఫీసుల్లో పక్క బల్ల వారికి ఈమెయిలు పోతుంది, బయటివారికి పోదు. చిరునామాలో కంపెనీ పేరు లేకపోతే సర్వరు అక్కడే ఆపేస్తుంది. ఇది కొత్త సంగతి అనుకోకండి. మన రాయచూరు ఇటువంటి కట్టుబాటులో ఎనభై ఏళ్ళు గడిపింది.

మా బడిలో ఒక పిల్లవాడు తాతగారి పెట్టెలోంచి చార్మినారు బొమ్మ ఉన్న తపాలా బిళ్ళ తెచ్చాడు, 1931లో మొదలైన వరుసలోది. "సార్, ఇది ఎంతదూరం పోతుంది?" అన్నాడు. మంచి ప్రశ్న!

బాకీ కింద 1853లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళిన రాయచూరు సీమ 1860లో నిజాముకు తిరిగివచ్చింది. 1869లో హైదరాబాదు సంస్థానం సొంత బిళ్ళ వేసింది. 1871 నాటి బిళ్ళల మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. అయితే అవి సంస్థానం లోపలే చెల్లేవి. పొలిమేర దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాలి.

ఇప్పుడు దూరాలు చూడండి. వందల కిలోమీటర్ల అవతలి ఔరంగాబాదుకు నిజాము బిళ్ళతో ఉత్తరం వెళ్ళేది. తుంగభద్ర దాటితే వచ్చే ఆదోనికి వెళ్ళేది కాదు, అది మద్రాసు ప్రెసిడెన్సీ. ఏటి అవతలికి ఆడపిల్లనిచ్చిన తల్లికి పరదేశం అంత దగ్గరన్నమాట!

కారణం మొండితనం కాదు, లెక్క. బిళ్ళ సొమ్ము హాలీ సిక్కాలో నిజాము ఖజానాకు చేరేది. నూరు బ్రిటిష్ రూపాయలకు సుమారు 117 హాలీ రూపాయలు. మరి అవతలి ఒడ్డున ఉత్తరం మోసేవాడికి కూలి ఎవరిస్తారు? గ్వాలియరు, పటియాలా వంటి సంస్థానాలు బ్రిటిష్ వారితో ఒప్పందం చేసుకున్నాయి, వారి బిళ్ళలు బ్రిటిష్ ఇండియాలోనూ చెల్లాయి. హైదరాబాదు తన బిళ్ళే ఉంచుకుంది. నిషేధం కాదు, నిజమే. కానీ బ్రిటిష్ బిళ్ళ దొరకని పల్లెవాడికి తేడా ఏముంది?

నాకు నొప్పనిపించేది మరొకటి. బొంబాయి రైలు, మద్రాసు రైలు 1871లో కలిసింది మన రాయచూరులోనే. దేశపు టపా అంతా మన కళ్ళ ముందే సాగిపోయేది.

సంస్థానం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసింది. తపాలా మాత్రం 1950 ఏప్రిల్ 1 దాకా ఆగింది. ఆ రోజు నుంచి ఆదోనికైనా ఔరంగాబాదుకైనా ఒకటే బిళ్ళ.