గాలి ఆగలేదు, సెట్టింగు ఆపింది

2016 సెప్టెంబరు 28, సాయంత్రం 4:18. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమంతటా ఒకేసారి కరెంటు పోయింది. దాదాపు 8.5 లక్షల కనెక్షన్లు. ఉత్తరాన కొన్ని ఊళ్ళకు మళ్ళీ కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఆ రాష్ట్రంలో గాలిమరలు ఎక్కువ. అందుకని నింద వెంటనే వాటిమీద పడింది. గాలిని నమ్ముకుంటే ఇలాగే అవుతుందని కొందరు రాజకీయ నాయకులు తేల్చేశారు.

గ్రిడ్ నిర్వాహకులు విచారించాక తేలింది వేరు. ముందు సుడిగాలులు హైటెన్షన్ టవర్లను కూల్చాయి. రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజీ పడి లేచింది. కొన్ని గాలిమరల కంట్రోలర్లలో ఒక సెట్టింగు ఉంది: కొద్ది సమయంలో ఇన్నిసార్లకు మించి వోల్టేజీ పడితే ఉత్పత్తి తగ్గించెయ్యి, అని. అవి చెప్పినట్టే చేశాయి. ఏడు సెకన్లలోపే 456 మెగావాట్లు తగ్గిపోయాయి. ఆ భారమంతా విక్టోరియా నుంచి వచ్చే లైను మీద పడి అదీ ట్రిప్ అయింది. అంతే, రాష్ట్రం ఒంటరిదైపోయింది.

గాలి వీస్తూనే ఉంది. మరలను ఆపింది ఒక అంకె. గ్రిడ్ నడిపేవాళ్ళకు ఆ అంకె సంగతి అంతకుముందు తెలియదు! తర్వాత దాన్ని మార్చారు.

గ్రిడ్‌కు నాడి లాంటిది ఫ్రీక్వెన్సీ. అక్కడా మన దగ్గరా 50 హెర్ట్జ్. వాడకం కంటే ఉత్పత్తి తగ్గితే నాడి నెమ్మదిస్తుంది. బొగ్గు కేంద్రాల్లో తిరిగే బరువైన టర్బైన్లు ఆ పడిపోవడాన్ని కాసేపు ఆపుతాయి. గాలి, ఎండ పెరిగేకొద్దీ అలాంటి చక్రాలు తగ్గుతాయి. మరి ఆ పని ఎవరు చెయ్యాలి?

2017 డిసెంబరు 1న జేమ్స్‌టౌన్ దగ్గర హార్న్స్‌డేల్ బ్యాటరీ మొదలైంది. 100 మెగావాట్ల శక్తి, 129 మెగావాట్-అవర్ల నిల్వ. ఒప్పందం కుదిరిన 100 రోజుల్లో పూర్తి చెయ్యకపోతే డబ్బు వద్దన్న ఎలాన్ మస్క్ పందెం వల్ల దానికి పేరొచ్చింది. అందులో 70 మెగావాట్లు గ్రిడ్ భద్రతకోసం ప్రభుత్వం కేటాయించుకుంది.

రెండు వారాలు తిరక్కుండానే, డిసెంబరు 14 తెల్లవారుజామున, విక్టోరియాలోని లాయ్ యాంగ్ బొగ్గు కేంద్రంలో 560 మెగావాట్ల యూనిట్ ఆగిపోయింది. ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్యాటరీ క్షణాల్లో స్పందించి 7.3 మెగావాట్లు అందించింది. 560తో పోలిస్తే అది ఏ మూలకి? లోటును పూడ్చింది మిగతా కేంద్రాలే. కాకపోతే నాడి పడుతోందని గమనించి, ఎవరూ చెప్పకుండానే, అందరికంటే ముందు కదిలింది మాత్రం బ్యాటరీయే. అక్కడ పనిచేసింది పరిమాణం కాదు, వేగం.

2020లో దాన్ని 150 మెగావాట్లకు పెంచారు. 2022 నుంచి అది బరువైన చక్రం చేసే పనికూడా చేస్తోంది. అందుకు తిరిగే చక్రమేదీ తెచ్చిపెట్టలేదు. తిరిగే యంత్రంలా ప్రవర్తించమని ఇన్వర్టర్లకు సాఫ్ట్‌వేర్‌తో నేర్పారు.

రాష్ట్రాన్ని పడగొట్టడంలో చెయ్యి ఉన్నదీ, నిలబెట్టడంలో చెయ్యి ఉన్నదీ సాఫ్ట్‌వేరే. బ్యాటరీలు ఎన్ని మెగావాట్లని అందరూ అడుగుతారు. లోపల ఏ అంకె రాసి ఉందో, దాన్ని ఎవరు సరిచూశారో కూడా అడగాలి.