చవుక కంప్యూటరు కథ

పలకయు బలపమును కోనసీమలో ఇంటింటికిని ఎట్లు చేరినవి? అమలాపురము బజారులోగాని, రాజోలు అంగడిలోగాని, చేత నాలుగు డబ్బులున్న తండ్రి యెవడైనను కొనగలిగినందుననే గదా! నీ బిడ్డ యే బడిలో చదువుచున్నాడని అంగడివాడు అడుగలేదు. చదువు పనిముట్టు వ్యాపించుటకు వెల తగ్గుట యొక్కటే చాలదు. కోరినవారికి అది దొరకవలెను. పిల్లలకై పుట్టిన చవుక కంప్యూటరు చరిత్రము ఈ మాటనే ఋజువు చేయుచున్నది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు చెందిన నికొలస్ నెగ్రోపాంటీ, బీద దేశముల పిల్లలకు వంద డాలర్ల లాప్‌టాపు నందింపవలెనని 2005 జనవరిలో ప్రకటించెను. తయారైన యంత్రము మెచ్చదగినదే. దాని తెర యెండలో సైతము చదువ వీలగును. మీటలపై రబ్బరుపొర యుండుటచే దుమ్మును తడియు లోనికి చొరవు. కొద్దిపాటి విద్యుత్తుతోనే అది నడచును. కొబ్బరితోటల నడుమ, కాలువగట్టుల వెంట నున్న మన బడులకు ఇంతకన్న తగినదేమి? కాని దానిని అంగళ్లలో అమ్మరాదని నియమము. ప్రభుత్వములే లక్షలకొలదిగా కొని పంచవలెను. దొంగసొత్తు బజారున కెక్కకుండుటకై దానికి తెలుపు, పచ్చ రంగులు వేసిరి. పెద్దవాని చేత కనబడినచో ఎల్లరును గుర్తింతురని వారి తలంపు.

ప్రభుత్వములు అనుకొన్నంతగా ముందునకు రాలేదు. మన దేశపు విద్యాశాఖ 2006లో వలదనెను. కొనువారు తక్కువగుటచే వెలయు అనుకొన్నంత దిగలేదు. 2007 నాటికి యంత్రమొక్కింటికి సుమారు 188 డాలర్లు పడెను. అప్పుడు, ఆ యేటి నవంబరు 12వ తేదీన, ప్రజలకు తలుపు సగము తెఱచిరి. ఉత్తర అమెరికాలో 399 డాలర్లిచ్చినవారికి ఒక యంత్రము. వారి పేర రెండవది బీద బిడ్డకు. ఇంచుమించు అదే కాలమున తైవానులోని ఆసుస్ సంస్థ చిన్న లాప్‌టాపు నొకదానిని ఎల్లవారికిని అమ్మజూపెను. తక్కిన సంస్థలును ఆ బాటనే పట్టినవి. తుదకు 2013లో నెగ్రోపాంటీ సంస్థ పేరుతోనే ఒక టాబ్లెటు అమెరికా అంగళ్లకెక్కెను.

మన దేశమున 2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో ‘ఆకాశ్’ వెలువడెను. టాబ్లెటనగా పలకయే! దాని కూర్పు మన హైదరాబాదులో జరిగెను. ప్రభుత్వము ఒక్కొక్కదానిని 2,276 రూపాయలకు కొనెను. ప్రజలకై ఉద్దేశించిన మాదిరికి 2,999 రూపాయలు వెల కట్టిరి. అయితే మొదటి మాదిరి మందముగా నడచుచున్నదనియు, బ్యాటరీ చాలుటలేదనియు విమర్శలు వచ్చెను. చవుకతనము పనితనమును మ్రింగరాదని అది నేర్పిన పాఠము.

2022 ఏప్రిలులో కోనసీమ జిల్లా యేర్పడెను. ఆ డిసెంబరులోనే రాష్ట్రమంతట ప్రభుత్వ, ఎయిడెడు పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు ఉచితముగా టాబ్లెట్లు పంచిరి. అది మేలైన పనియే. కాని ఆ యేడు తొమ్మిదవ తరగతిలో నున్న కూలివాని బిడ్డ మాటయేమి? దానము జాబితాను చూచును. అంగడి డబ్బును చూచును. జాబితాలో పేరులేని యింటికి అంగడి అందుబాటులో నుండవలెను. అంగడి యందని యింటికి సర్కారు చేయి చాపవలెను. ఈ రెండును కలిసిననాడే ఈ క్రొత్తపలకయు, ఆ పాతపలకవలెనే, కొత్తపేట మండలములోని కట్టకడపటి యింటికి చేరగలదు.