జెనెసీ ఒడ్డున ఎవరి ఊళ్ళు?

అమెరికా వచ్చిన అమ్మానాన్నలను నయాగరా తీసుకెళ్ళకుండా వెనక్కి పంపే పిల్లలు ఉండరు. అక్కడికి కారులో సుమారు గంటన్నర దూరంలో లెచ్‌వర్త్ స్టేట్ పార్క్ ఉంది. దాని సంగతి మాత్రం చాలామందికి తెలియదు. మా రోచెస్టర్ తెలుగువాళ్ళం అక్టోబరులో ఆకులు ఎర్రబడగానే పులిహోర డబ్బాలూ మడత కుర్చీలూ కార్లో పడేసుకుని అక్కడ వాలిపోతాం.

జెనెసీ నది పెన్సిల్వేనియాలో పుట్టి, ఉత్తరానికి పారి, మా ఊరు దాటాక ఒంటారియో సరస్సులో కలుస్తుంది. హిమయుగంలో దాని పాత దారి మట్టీ రాళ్ళతో పూడిపోయింది. మంచు కరిగాక నది కొత్త దారి పట్టి, 35 కోట్ల ఏళ్ళకు పైబడిన రాతిని నిలువునా కోసేసింది. గోడలు కొన్నిచోట్ల 550 అడుగులుంటాయి. దగ్గరికెళ్ళి చూస్తే ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది, అంచు మీద వేలు పెడితే పెళ్ళలు ఊడి వస్తాయి. అందుకే గట్టు మీద కంచె దాటొద్దని బోర్డులు పెట్టారు. మూడు పెద్ద జలపాతాల్లో నడిమిది నూరడుగులు దాటుతుంది. ఈ లోయను ‘తూర్పు గ్రాండ్ కాన్యన్’ అంటారు. మా జమ్మలమడుగు దగ్గరి గండికోటదీ అదే తంతు. ఏ లోయకైనా అరిజోనా నుంచి పేరు అరువు తెచ్చుకుంటే తప్ప గౌరవం దక్కదు కాబోలు.

అందం సంగతి ఫోటోలు చెబుతాయి. నేను చెప్పాలనుకున్నది ఆ నేల ఎన్ని చేతులు మారిందన్నది.

ఈ లోయ అమెరికా ఆదివాసులైన సెనెకాలది. ఇరొక్వా సమాఖ్యలోని ఆరు జాతుల్లో పడమటి వాకిలి కాపలా వాళ్ళదే. మొక్కజొన్న చేలు, పండ్ల తోటలు, దుంగలతో కట్టిన ఇళ్ళు, అన్నీ ఉన్న ఊళ్ళు వాళ్ళవి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సెనెకాలు ఎక్కువమంది బ్రిటిష్ పక్షం వహించారు. 1779లో వాషింగ్టన్ ఆజ్ఞతో జనరల్ సల్లివన్ సైన్యం ఈ లోయ దాకా వచ్చి ఊళ్ళు తగలబెట్టింది, చేలు కాల్చింది, తోటలు నరికింది. ఇక్కడి బడుల్లో పిల్లలు జాతిపితగా చదివే మనిషిని సెనెకాలు ‘ఊళ్ళు కూల్చినవాడు’ అని పిలుచుకున్నారు.

ఆ మంటల నుంచి పిల్లలతో పారిపోయినవాళ్ళలో మేరీ జెమిసన్ ఒకామె. పుట్టుకతో తెల్లపిల్ల. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వస్తుంటే 1743లో సముద్రం మీదే పుట్టింది. 1750ల్లో ఫ్రెంచివాళ్ళూ షానీ జాతివాళ్ళూ కలిసి పెన్సిల్వేనియాలో వాళ్ళ ఇంటి మీద పడి ఆమెను ఎత్తుకెళ్ళారు. అమ్మానాన్నలను చంపేశారు. యుద్ధంలో సోదరుడిని పోగొట్టుకున్న ఇద్దరు సెనెకా అక్కచెల్లెళ్ళు ఆ లోటు తీరేలా ఈ పిల్లను సొంతం చేసుకున్నారు. అది వాళ్ళ ఆచారం. తర్వాత తెల్లవాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళే అవకాశం వచ్చినా ఆమె వెళ్ళలేదు. తన పిల్లలను అక్కడి బంధువులు చిన్నచూపు చూస్తారని భయపడింది.

1779 చలికాలంలో ఆమె ఇప్పటి పార్కు సరిహద్దుల్లోనే ఉన్న గార్డో అనే చోటికి చేరింది. అక్కడ అప్పటికే పారిపోయి వచ్చిన ఇద్దరు నల్లజాతి బానిసలు మొక్కజొన్న పండించుకుంటున్నారు. వాళ్ళ కండెలు ఒలిచిపెట్టి కూలికింద మొక్కజొన్న తీసుకుని పిల్లలను బతికించుకుంది. ఇల్లూ వాకిలీ పోయిన ముగ్గురు కలిసి ఒక చలికాలం గట్టెక్కిన ఈ సంగతికి పార్కులో విగ్రహమేమీ లేదు. నన్నడిగితే ఉండాల్సింది దీనికే.

1797 బిగ్ ట్రీ ఒప్పందంలో సెనెకాలు జెనెసీకి పడమటి నేలలో అత్యధిక భాగాన్ని లక్ష డాలర్లకు వదులుకోవాల్సి వచ్చింది. అక్కడ మేరీ తన వాటా హద్దులు తానే చెప్పింది. ఏదో నూటేభై ఎకరాలుంటుందిలే అనుకుని అవతలివాళ్ళు ఒప్పుకున్నారు. కొలిస్తే 17,927 ఎకరాలు తేలింది! ఆ రోజుల్లో భూమి బేరంలో తెల్లవాళ్ళను బోల్తా కొట్టించినవాళ్ళు ఎంతమంది ఉంటారు? కానీ అదీ నిలవలేదు. ముక్కలు ముక్కలుగా పోయింది. 1831లో ఆమె బఫలో దగ్గరికి తరలిపోయి, రెండేళ్ళకు అక్కడే కన్నుమూసింది.

ఇప్పుడు పార్కుకు పేరిచ్చిన లెచ్‌వర్త్ దొర సంగతి. బఫలోలో గుర్రపు జీన్ల సామాను వ్యాపారంలో గడించి, 1859లో నడిమి జలపాతం పక్కన నేల కొన్నాడు. రంపపు మిల్లులు బోడి చేసిన గట్ల మీద మళ్ళీ చెట్లు నాటించాడు. పై ఎత్తున ఆనకట్ట కట్టి కరెంటు తీయాలని ఒక కంపెనీ చూస్తుంటే, అది పడనివ్వకుండా వెయ్యి ఎకరాలు న్యూయార్క్ రాష్ట్రానికి రాసిచ్చేశాడు. 1907లో ప్రభుత్వం ఆ దానం అందుకుంది. మంచిపనే, కాదనలేం. ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు హోటలు.

ఈయనే ఎగువన కనీడియా ఊళ్ళో పాడుబడుతున్న సెనెకాల సభామందిరాన్ని కొని, దుంగలు విప్పించి, తన ఎస్టేటులో మళ్ళీ నిలబెట్టించాడు. 1872 అక్టోబరు 1న సెనెకా, మోహాక్ పెద్దల వారసులను పిలిచి అందులో సభ జరిపించాడు. చాలాకాలంగా ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆ రెండు జాతులవాళ్ళు ఆ రోజు చేతులు కలిపారు. 1874లో మేరీ అస్థికలను తెప్పించి ఆ మందిరం పక్కనే మళ్ళీ సమాధి చేయించాడు. వీపున బిడ్డతో నడిచి వస్తున్న ఆమె కంచు విగ్రహం 1910లో వెలిసింది. మందిరం గుమ్మంలో నిలబడితే నాకు ఒకటే అనిపిస్తుంది: సెనెకాల ఇల్లూ ఎముకలూ జాగ్రత్తగా దాచారు, సెనెకాలకు మాత్రం ఇక్కడ చోటు లేదు.

పార్కు దిగువ చివర మౌంట్ మోరిస్ డ్యామ్ 1952లో పూర్తయింది. వరద వస్తేనే నీళ్ళు నిలబెడతారు, మామూలు రోజుల్లో నది అడుగు తూముల్లోంచి పోతుంది. 1972లో ఆగ్నెస్ తుఫానుకు అంచుల దాకా నిండి రోచెస్టర్‌ను కాపాడింది. మా ఇళ్ళు దాని చలవే.

కానీ పిట్స్‌బర్గ్‌ను కాపాడటానికి 1965 నాటికి కట్టిన కిన్‌జువా డ్యామ్ సంగతి వేరు. సెనెకాలకు కేటాయించిన అలెగనీ రిజర్వేషన్‌లో సుమారు పదివేల ఎకరాల సెనెకా నేల ముంపులో పోయింది. ఆరువందల మందికి పైగా ఇళ్ళు వదిలారు. ఆ నేల జోలికి రామని 1794లో వాషింగ్టన్ ప్రభుత్వమే ఒప్పందం రాసిచ్చింది. ఆపమని కెనెడీకి మొరపెట్టుకున్నా లాభం లేకపోయింది. గండికోట జలాశయంలో తాళ్లప్రొద్దుటూరు మునగడం చూసిన మావాళ్ళకు ముంపు అంటే ఏమిటో నేను వివరించనక్కర్లేదు.

‘ఇంతకీ వాళ్ళు ఇప్పుడున్నారా?’ అని ఊరినుంచి వచ్చినవాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఉన్నారు. నయాగరాలో జలపాతం చూసి వెనక్కి తిరిగితే ఊరంతటికీ కనబడే 26 అంతస్తుల హోటలు, దాన్ని ఆనుకుని కేసినో ఉంటాయి. 2002లో రాష్ట్రంతో కుదిరిన ఒప్పందంతో ఆ నేల సెనెకాల చేతికొచ్చింది. అక్కడ యజమానులు వాళ్ళే.