సెప్సిస్: రక్తపరీక్ష అంకె ఎంతవరకు చెబుతుంది?

ఐసీయూ బయట కూర్చున్న బంధువుల చేతికి వచ్చే ల్యాబ్ రిపోర్టుల్లో ఈమధ్య ‘ప్రోకాల్సిటోనిన్’ అనే పేరు తరచుగా కనిపిస్తోంది. పక్కనే సీఆర్‌పీ, లాక్టేట్. అంకె పెరిగితే ఇన్ఫెక్షన్ ముదిరిందని, తగ్గితే గండం గడిచిందని ఇంటివాళ్లు అనుకుంటారు. సంగతి అంత సూటిగా ఉండదు.

సెప్సిస్ అంటే రక్తంలోకి విషం ఎక్కడమని చాలామంది నమ్మకం. 2016లో ఖరారైన అంతర్జాతీయ నిర్వచనం వేరే మాట చెబుతుంది: ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి శరీరం చేసే ప్రతిస్పందన అదుపు తప్పి, సొంత అవయవాలనే ప్రాణాపాయ స్థాయిలో దెబ్బతీయడం. 2017లో ప్రపంచవ్యాప్తంగా 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, 1.1 కోట్ల మంది చనిపోయారని ‘లాన్సెట్’ 2020లో ప్రచురించిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఆ ఏడాది మరణాల్లో దాదాపు ఐదింట ఒకటి. భారం ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో దక్షిణాసియా ఒకటి.

చిక్కంతా సమయం దగ్గరే. రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో చెప్పే బ్లడ్ కల్చర్‌కు ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సెప్సిస్ రోగుల్లో చాలామందికి కల్చర్‌లో ఏమీ పెరగదు కూడా. అప్పటికే యాంటీబయాటిక్స్ వాడి ఉంటే ఆ అవకాశం ఇంకా తగ్గుతుంది. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటున్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఈ ఖాళీని పూరించడానికే బయోమార్కర్లు, అంటే జబ్బు జాడ తెలిపే రక్తంలోని పదార్థాలు, అవసరమయ్యాయి. 2020లో వచ్చిన ఒక సమీక్ష లెక్క ప్రకారం సెప్సిస్ కోసం పరిశీలించిన బయోమార్కర్లు 258. ఇన్ని ఉన్నాయంటే, సరిపోయేది ఒక్కటీ దొరకలేదనే అర్థం.

వాటిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ప్రోకాల్సిటోనిన్. ఇది మామూలుగా థైరాయిడ్ గ్రంథిలో కాల్సిటోనిన్ హార్మోన్‌కు ముందు రూపం. ఆరోగ్యవంతుల రక్తంలో దాదాపు ఉండదు. తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ సోకితే మాత్రం శరీరంలోని అనేక కణజాలాలు దీన్ని రక్తంలోకి వదులుతాయి. 1993లో ఫ్రెంచ్ పరిశోధకులు ఈ సంబంధాన్ని బయటపెట్టారు. ఇన్ఫెక్షన్ మొదలైన నాలుగు నుంచి ఆరు గంటల్లో పెరగడం మొదలై, అదుపులోకి వస్తే దాదాపు రోజుకు సగం చొప్పున తగ్గుతుంది. మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాములు దాటితే అనుమానించాలని, 2 దాటితే ముప్పు ఎక్కువని సాధారణ కొలమానం. వైరస్ జ్వరాల్లో సాధారణంగా ఇంతగా పెరగదు, అందుకే వైద్యులకు దీనిమీద మక్కువ.

అయితే మలేరియాలోనూ ఇది బాగా పెరుగుతుంది. పెద్ద ఆపరేషన్, తీవ్ర గాయాలు, కాలిన గాయాలు, వడదెబ్బ, కిడ్నీ వైఫల్యం కూడా పెంచగలవు. యూరప్ ఆస్పత్రుల్లో కుదిరిన హద్దును వానాకాలంలో జ్వరాల వార్డుకు ఉన్నది ఉన్నట్టు తెచ్చిపెట్టడం కుదరదు. ఇన్ఫెక్షన్ ఒకే చోట గూడుకట్టి ఉంటే, లేదా మరీ తొలి గంటల్లో పరీక్ష చేస్తే, అంకె తక్కువగా వచ్చి మోసం చేయవచ్చు.

కాలేయంలో తయారయ్యే సీఆర్‌పీ చవక, చిన్న ల్యాబుల్లోనూ దొరుకుతుంది. కానీ ఏ వాపుకైనా పెరుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది. లాక్టేట్ చెప్పేది ఇన్ఫెక్షన్ గురించి కాదు. కణాలకు రక్తప్రసరణ, ఆక్సిజన్ సరిగా అందుతున్నాయా అన్నదానికి అది ఒక సూచన. సెప్టిక్ షాక్ నిర్వచనంలో లాక్టేట్ లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటడం ఒక షరతు.

మరి మందు మొదలుపెట్టడానికి ప్రోకాల్సిటోనిన్ కోసం ఆగాలా? అక్కర్లేదన్నది 2021 నాటి ‘సర్వైవింగ్ సెప్సిస్’ అంతర్జాతీయ మార్గదర్శకాల సారాంశం. ఆ నిర్ణయం రోగి పరిస్థితిని చూసి వైద్యులే తీసుకోవాలి. షాక్ ఉంటే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. మందు ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడానికి మాత్రం ఈ పరీక్ష సాయం తీసుకోవచ్చని అవే మార్గదర్శకాలు సూచించాయి. పేరులో రోగనిర్ధారణ ఉన్నా దీని అసలు ఉపయోగం అక్కడే. నెదర్లాండ్స్‌లో 1,500 మందికి పైగా ఐసీయూ రోగులపై జరిపి 2016లో ప్రచురించిన ట్రయల్‌లో, అంకె 0.5కు లేదా గరిష్ఠ స్థాయి నుంచి 80 శాతం కిందికి దిగితే యాంటీబయాటిక్ ఆపమని సలహా ఇచ్చారు. వాడిన మధ్యస్థ కాలం 7 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. 28 రోజుల్లో మరణాలు కూడా 25 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. 2024 డిసెంబరులో వెలువడిన బ్రిటన్ ట్రయల్‌లో 2,760 మంది ఉన్నారు. అందులో ప్రోకాల్సిటోనిన్ ఆధారంగా సగటు వాడకం 10.7 రోజుల నుంచి 9.8కి తగ్గింది. సీఆర్‌పీ ఆధారంగా చూస్తే తేడా రాలేదు. ఒక రోజు తగ్గడం చిన్నదిగా అనిపించవచ్చు. మందులకు లొంగని బాక్టీరియా పెరుగుతున్న ఐసీయూల్లో అది చిన్నది కాదు.

ఆ బాక్టీరియా ఎంత దగ్గరగా ఉందో ఢిల్లీ లెక్క చూపిస్తుంది. అక్కడి మూడు పెద్ద ఆస్పత్రుల్లో చేరిన 13,530 మంది నవజాత శిశువులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో 14.3 శాతం మందిలో సెప్సిస్ కనిపించింది. వారిలో సగం కన్నా తక్కువ మందికే కల్చర్‌లో బాక్టీరియా దొరికింది. దొరికినవాటిలో అసినెటోబాక్టర్‌ది మొదటి స్థానం. పరీక్షల సాయం ఎక్కువ అవసరమయ్యేది ఈ పసికందులకే. కానీ పుట్టిన మొదటి రెండు రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న శిశువులోనూ ప్రోకాల్సిటోనిన్ సహజంగానే పెరుగుతుంది కాబట్టి, పెద్దల హద్దులు వారికి వర్తించవు. పుట్టి ఎన్ని గంటలైందో చూసి అంకెను చదవాల్సిందే.