బాలల దేహభావన – తెలుగు మాధ్యమాలు: చారిత్రక పరిశీలన

ఒక సమాజం పిల్లల శరీరాలను ఏ మాటలతో వర్ణిస్తుందో, ఆ మాటలతోనే పిల్లలు తమను తాము చూసుకోవడం నేర్చుకుంటారు. తెలుగులో మేనిరంగుకు సంబంధించిన పదజాలం ఇందుకు నిదర్శనం. ‘ఎర్రగా బుర్రగా’ ఉండడం మెప్పు. ‘రంగు తక్కువ’ అనడం లోపసూచన. రెండో ప్రయోగంలో నలుపు ఒక రంగుగా కాక లేమిగా పరిగణన పొందింది. నీలమేఘశ్యాముని ఆరాధించే సమాజంలోనే ఈ మాట వాడుకలో ఉంది. కాబట్టి వర్ణవివక్షను ప్రసార మాధ్యమాలే సృష్టించాయన్న వాదం నిలవదు. ఉన్న వివక్షను అవి ఏ రూపంలోకి మార్చాయన్నదే విచారణీయం.

తెలుగు బాలలకు చేరువైన తొలి ప్రసార మాధ్యమం రేడియో. ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు, ‘అక్కయ్య’ కామేశ్వరి నిర్వహించిన కార్యక్రమాలలో పిల్లలకు గొంతే గుర్తింపు. రూపంతో పని లేదు. 1947 జూలైలో వెలువడిన ‘చందమామ’తో బొమ్మకు ప్రాధాన్యం పెరిగింది. అందమైన రాకుమారి, వికృతాకారుడైన రాక్షసుడు అనే జానపద కథాసంప్రదాయం రంగుల్లో కంటికి కట్టింది. అయితే ఆ సంప్రదాయానికి మినహాయింపులూ లేకపోలేదు. ‘మాయాబజార్’ (1957)లో ఎస్.వి. రంగారావు ధరించిన ఘటోత్కచుడు భారీకాయంతోనే పిల్లల అభిమానపాత్రుడయ్యాడు.

ఈ చరిత్రలో 1975 కీలక సంవత్సరం. ఆ ఏడాది ఆగస్టు 1న ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు ఏడాదిపాటు ప్రసారాలు అందాయి. వాటిలో తెలుగు ప్రసారాలూ ఉన్నాయి. ఉదయపు కార్యక్రమాలు బడిపిల్లలకు ఉద్దేశించినవి. అంటే గ్రామీణ బాలల చెంతకు టెలివిజన్ మొదట ఉపాధ్యాయునిగా వచ్చింది. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనం విపణిలోకి వచ్చిందీ 1975లోనే. 1976లో దూరదర్శన్ వాణిజ్య ప్రకటనలకు తలుపు తెరిచింది. 1982లో రంగుల ప్రసారాలు, 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఉపగ్రహ ఛానళ్లు వచ్చాయి. పాఠం కోసం వచ్చిన తెర క్రమంగా ప్రకటనల వేదిక కూడా అయింది.

ఈ పరిణామంలో వివక్ష స్వభావమే మారింది. ‘రంగు తక్కువ’ అన్న ఇంటి మాటలో రంగు పుట్టుకతో వచ్చినది; దానికి ఎవరూ బాధ్యులు కారు. ప్రకటన దానిని సవరించుకోదగిన లోపంగా చూపింది. రంగు మారగానే ఉద్యోగం, పెళ్లి, ఆత్మవిశ్వాసం సిద్ధించే కథను పదేపదే చెప్పింది. దానితో సవరించుకోకపోవడం వ్యక్తి తప్పుగా మారింది. ఈ నిందాభారం బాల్యంలోనే మొదలవుతుంది.

ప్రతిఘటన ఆలస్యంగానైనా వచ్చింది. నలుపు అందమేనన్న ఉద్యమం చెన్నైలో 2009లో మొదలైంది. 2013లో నటి నందితా దాస్ దానికి గొంతునిచ్చారు. నల్లనివారిని అనాకర్షణీయులుగా, దుఃఖితులుగా చూపరాదని 2014లో భారత ప్రకటనల ప్రమాణాల మండలి నిర్దేశించింది. 2020లో ఆ లేపనం పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది. పేరు మారినంత మాత్రాన నలభై అయిదేళ్ల అలవాటు చెరిగిపోదు.

విద్యారంగంలో ఈ ఆలస్యం ఇంకా స్పష్టం. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం కుతుబ్‌షాహీల కాలపు చెరువుతో ప్రసిద్ధి పొందిన ఊరు. నాగార్జునసాగర్ రహదారి వెంట నేడు ఇంజనీరింగు కళాశాలల కేంద్రం. వాటిలో అనేకం జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. స్త్రీపురుష భేదాలను ప్రశ్నించే ద్విభాషా పాఠ్యగ్రంథాన్ని తెలుగు అకాడమి 2015లో ప్రచురించగా, ఆ విశ్వవిద్యాలయం దానిని బి.టెక్. విద్యార్థులకు పాఠ్యాంశం చేసింది. ఇది ఆదర్శప్రాయమే. కానీ ఆ తరగతికి చేరేనాటికి విద్యార్థి వయస్సు పద్దెనిమిది దాటుతుంది. అద్దం ముందు తీర్పులు అప్పటికే స్థిరపడి ఉంటాయి. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2007 నాటి ఏడో తరగతి సాంఘిక శాస్త్ర పుస్తకంలో మాధ్యమాలకూ ప్రకటనలకూ పాఠాలు కేటాయించింది. ప్రశ్నించే చదువుకు తగిన వయస్సు అదే.

ఈ పనిలో తెలుగు తరగతికి ప్రత్యేక బాధ్యత ఉంది. బక్కోడు, పొట్టోడు, నల్లోడు అనే పిలుపులు తరగతి గదిలోనే వినిపిస్తాయి. వాటి అర్థచరిత్రను విప్పి చెప్పగలిగినవాడు భాషోపాధ్యాయుడే. వర్ణనను, అలంకారాన్ని బోధించే పాఠంలోనే ఒక ప్రకటనను ముందుంచి, ‘ఇందులో ఉపమేయం ఎవరు, లాభం ఎవరికి?’ అని అడిగించవచ్చు. ‘తక్కువ’ అన్న మాట ఏ కొలతతో పుట్టిందో తెలిసిన బాలుడు ఆ కొలతకు తలవంచడు.