ముల్కీ అంటే ఎవరు? ఒక రేషన్ కార్డు అడిగిన సవాల్



మా చండ్రుగొండలో ఒక సేవా కేంద్రం ఉంది. కౌంటర్ మీద కూర్చునే కోయ పిల్లోడికి నా కాయితాలన్నీ ఎరుకే. ఆధార్‌లో నేను మహమ్మద్‌ని, రేషన్ కార్డులో ఎండీని, బడి సర్టిఫికెట్‌లో మొహమ్మద్‌ని. మూడూ ముందేసుకుని "ఈ ముగ్గురూ మీరే కదా చాచా" అని నవ్వుతాడు. వాళ్ళ గూడెంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు నలుగురున్నారట. పేరు మనిషిని ఎంత తికమక పెడుతుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ నవ్వు వెనక పాత తారీఖ్ ఉంది. సర్కారు పని ఎవరి చేతిలో ఉండాలి? పని నేర్చినవాడి చేతిలోనా, ఊరెరిగినవాడి చేతిలోనా? మన హైదరాబాద్ ముల్క్‌లో ఇది నూటయాభై ఏళ్ళ బహస్.

మొదటి సాలార్ జంగ్ 1853 నుంచి 1883 దాకా దివాన్. జిల్లాబందీ చేసి, రెవెన్యూ దఫ్తర్లను కొత్త తరీఖాలో నిలబెట్టింది ఆయనే. అందుకోసం ఉత్తర హిందుస్తాన్ నుంచి చదువుకున్న అధికార్లను రప్పించాడు. దఫ్తర్లు బాగుపడ్డాయి. కానీ మా నౌకరీలు బయటివాళ్ళకు పోతున్నాయని ఇక్కడివాళ్ళ దిల్ నొచ్చుకుంది. ముల్కీ, గైర్ ముల్కీ అనే మాటలు అట్లా ముదిరాయి. 1880లలో దఫ్తర్ భాష ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. తెలుగు మాట్లాడే రైతు భూమి మాత్రం పహాణీ, సేత్వార్, ఖస్రా అన్న మాటల్లోనే ఉండిపోయింది. ఆ లెక్క చదివి చెప్పేది పట్వారీ. అతనికి ఊరంతా తెలుసు. ఆ తెలివితోనే జులుం చేసిన పట్వారీలూ ఉన్నారు. అంటే ఊరెరిగితే చాలదు, ఇన్సాఫ్ కూడా ఉండాలి.

1919లో ఏడో నిజాం ఫర్మానా ఇచ్చాడు. పదిహేనేళ్ళు ఇక్కడ కాపురమున్నవాడూ ముల్కీయే అన్నాడు. 1952లో గైర్ ముల్కీలు వాపస్ పోవాలని విద్యార్థులు రోడ్డెక్కారు. 1969 ఉద్యమానికి మొదటి నిప్పు రాజుకున్నది మన పక్కనున్న పాల్వంచ థర్మల్ కేంద్రంలోనే. అక్కడా అడిగింది స్థానికుల నౌకరీలే.

తర్వాత కంప్యూటర్ జమానా వచ్చింది. 1999లో హైదరాబాద్‌లో ట్విన్స్ అని ఒక చిన్న ప్రయోగం. 2001లో అది ఈ-సేవ అయ్యింది, 2011లో మీ-సేవ వచ్చింది. కరెంటు బిల్లుకో లైను, నల్లా బిల్లుకో లైను కట్టే తిప్పలు తగ్గాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మండలంలోనే చేతికొచ్చాయి. ఆ మేలు ఒప్పుకోకపోతే నాఇన్సాఫీ.

ఆ తర్వాత సమగ్ర వేదిక వచ్చింది. దాదాపు ముప్పై శాఖల ఖాతాలను ఒకచోట కలిపి, ఎవరికి కారుంది, ఎవరికి ఇల్లుంది అని పోల్చే సాఫ్ట్‌వేర్ అది. తయారు చేసింది అమెరికా కంపెనీ కాదు, హైదరాబాద్‌దే. అడ్రస్ చూస్తే పక్కా ముల్కీ. కానీ అది మనుషుల్ని కలిపింది పేరు, అడ్రస్ పోలికలతో. మన పేర్ల సంగతి మీకు తెలిసిందే. ఒక్క బస్తీలో ఎంతమంది సయ్యద్‌లు, ఎంతమంది అలీలు! హైదరాబాద్‌లో ఒక రిక్షా తొక్కే మనిషి ఖాతాలో, పేరు కలిసిన ఇంకెవరిదో కారు వచ్చి పడింది. ఆ గరీబు ఇంటి కార్డు పోయింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు, ఒక్క మన ఖౌమ్ కథా కాదు. తెలంగాణలో నోటీసు లేకుండా దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఎస్.క్యూ. మసూద్ సాబ్ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు, రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ తనిఖీ చేయమంది. ఆ జులై నాటికి చూసిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలు హక్‌దారులేనని తేలింది. అన్ని ఇళ్ళలో బియ్యం ఆగిపోయింది యంత్రం మాట నమ్మినందుకు.

ఇక్కడే నాకు ముల్కీ అన్న మాటకు అసలు మతలబ్ అర్థమయ్యింది. కంపెనీ ఎక్కడిదన్నది ఒక్కటే లెక్క కాదు. ఆ సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు ఎండీ, మహమ్మద్ ఒకరే కావచ్చని, ఇద్దరు సయ్యద్ అలీలు వేరు కావచ్చని చెప్పేవాడు పక్కన కూర్చున్నాడా? కార్డు కొట్టేసే ముందు ఆ జాబితా మా కౌంటర్ పిల్లోడికీ, రేషన్ డీలర్‌కీ, పంచాయతీకీ చూపిస్తే ఎన్ని తప్పులు గంటలో దొరికేవి! ఇంటికి ఒక నోటీసు, జవాబు చెప్పుకోడానికి నాలుగు రోజుల మోహలత్ ఇస్తే సర్కారుకు పోయేదేముంది? కోర్టు ఆఖరికి చెప్పిందీ అదే కదా, గడప దాకా వెళ్ళి చూడమని. మొదటే చేయాల్సిన పని అది.

మన పిల్లలు ఇంజినీరింగ్ చదివి హైదరాబాద్ పోతున్నారు. అల్‌హమ్దులిల్లాహ్. వాళ్ళలో ఎవరైనా సర్కారు సాఫ్ట్‌వేర్ పనిలో ఉంటే ఒక్క దర్ఖాస్త్. ఒక వారం సెలవు పెట్టి మండలంలో ఒక కౌంటర్ వెనక కూర్చోండి. పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అక్కడ తెలుస్తుంది.

పెద్దలకు ఇంకో మాట. ఈ జుమ్మా నమాజ్ అయ్యాక ఇంట్లో కాయితాలన్నీ దస్తర్‌ఖాన్ మీద పరవండి. ఒక్కో మనిషి పేరు ఎన్ని తీర్ల ఉందో చూడండి. తప్పుంటే ఇప్పుడే దిద్దించుకోండి. మనల్ని ఎరిగిన పిల్లోడు ప్రతి కౌంటర్ మీదా ఉండడు.