ఎయిడ్సు వ్యాధియు మెదడును

ఉన్మాదమును చరకుడు అయిదు విధములుగా విభజించి, నాలుగింటిని దేహదోషములవలన బుట్టినవనియు, అయిదవదానిని ఆగంతువు, అనగా వెలుపలనుండి వచ్చినదనియు జెప్పెను. దానికి దేవగంధర్వ రాక్షసాదుల యావేశము కారణమను మాటను నేడు మనము నమ్మము. కాని వెలుపలి దొకటి మెదడున జొచ్చి బుద్ధిని మార్చగలదనుట అసత్యము కాదు. ఒకవిధమైన పిచ్చితోను పక్షవాతముతోను మరణించినవారి మెదడులలో సవాయిరోగపు సూక్ష్మజీవిని నొగూచి, మూర్ అను వైద్యులు 1913లో గనుగొనిరి. అంతకుముందు అనుమానము కలదు గాని, కంటికి గనబడు సాక్ష్యము లేకుండెను.

డెబ్బది యేండ్ల పిమ్మట ఇట్టి చరిత్రమే మరల నడచినది. 1981 జూన్ నెలలో లాస్ ఏంజిలీసు నగరమున అయిదుగురు యువకులకు అరుదైన ఊపిరితిత్తుల వ్యాధి వచ్చెనని ప్రకటింపబడెను. 1983లో పారిస్ నగరపు పాశ్చరు సంస్థలో బారే-సినూసీ, మాంటాన్యే మొదలగువారు దాని మూలమైన వైరసును వేరుచేసిరి. 1986లో దానికి హెచ్.ఐ.వి. యను పేరు స్థిరపడెను.

రోగనిరోధక శక్తిని హరించు వ్యాధి గావున పండితుల దృష్టి మొదట రక్తము మీదనే నిలిచెను. కాని రోగులలో కొందరికి మాట మందగించుచుండెను, మరపు వచ్చుచుండెను, అడుగు తడబడుచుండెను, చేతివ్రాత చెడుచుండెను, ఆప్తులు ఎదుట గూర్చున్నను వారికి పట్టకుండెను. చావు తప్పదని తెలిసిన యువకుడు పలుకక గోడవైపు తిరిగి పరుండిన, చూచువారు దానిని దుఃఖమనక మరేమందురు? లేదా బలహీనదేహమున జొచ్చిన వేరొక సూక్ష్మజీవి పని యని వైద్యులు తలచుచుండిరి. కొందరి విషయమున అదియు నిజమే.

1985 ప్రారంభమున షా మొదలగు శాస్త్రజ్ఞులు మెదడు జబ్బుతో మరణించిన 15 మంది ఎయిడ్సు రోగుల మెదడులను పరీక్షించి, అయిదింటిలో ఈ వైరసు యొక్క జన్యుపదార్థమును గనుగొనిరి. ఆ పద్ధతులలో నొకటి తెలిసికొనదగినది. వైరసు జన్యుపదార్థమునకు జోడుగా నతుకు తునుకను సిద్ధపరచి, దానికి రేడియోధార్మికతను గూర్చి, పలుచగా గోసిన మెదడు పొరపై నుంతురు. జోడు దొరకినచోట అది అంటుకొనును. మిగిలినది కడుగగా బోవును. పిదప ఛాయాచిత్రములకు వాడు వెండిలవణపు పూతను బూసి చీకటిలో నుంచినచో, వైరసున్న కణముపై నల్లని చుక్కలు తేలును. ఆ సంవత్సరముననే డేవిడ్ హో మొదలగువారు వెన్నుద్రవమునుండియు మెదడునుండియు సజీవమైన వైరసునే పెంచి చూపిరి.

మరుసటి యేట నావియా, జోర్డన్, ప్రైస్ అను న్యూయార్కు వైద్యులు శవపరీక్ష జరిగిన 70 మంది రోగుల వృత్తాంతమును బ్రకటించిరి. వారిలో 46 మందికి క్రమముగా బుద్ధి క్షీణించెను. చెరుపు మెదడు పైపొరకంటె లోపలి తెల్లని భాగమునను, లోతైన బూడిదరంగు ముద్దలయందును హెచ్చుగా నుండెను. గోడవైపు తిరిగి పరుండిన ఆ యువకుని మౌనమున కొంత దుఃఖమే యైనను, కొంత రోగమని దీనివలన తేలినది.

వింత యేమన, వైరసు కాపురముండునది ఆలోచనకు సాధనములైన నాడీకణములలో గాదు. మెదడునకు కాపలాదారులైన మైక్రోగ్లియా, మాక్రోఫేజి కణములలోనే యది కానవచ్చును. ఇట్టి కణములు కొన్ని కలిసిపోయి, పెక్కు కేంద్రకములు గల పెద్దకణములగును. సూక్ష్మదర్శినిలో ఇవియే ఈ వ్యాధికి ముఖ్యమైన గురుతు. వైరసు యొక్క పి24 అను ప్రోటీనునకు అంటుకొను ప్రతిదేహమును బ్రయోగించి, రంగు గలిపినప్పుడు, గోధుమరంగు దేరునవి ఈ కణములే. చెడిన కాపలాదారులు విడుచు విషపదార్థములవలన ప్రక్కనున్న నాడీకణముల కొమ్మలు ఎండిపోవును. అందువలననే బుద్ధిమాంద్యము వైరసు పరిమాణముకంటె రెచ్చిన మాక్రోఫేజుల సంఖ్యతో హెచ్చుగా సరిపోవునని 1995లో తెలియవచ్చెను.

మన దేశమున 1986లో మద్రాసులో సునీతి సోలొమన్, ఆమె శిష్యురాలు నిర్మల ఈ వ్యాధిని మొదట గనుగొనిరి. బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థలో జరిగిన శవపరీక్షలలో క్షయ, క్రిప్టోకాకస్ మొదలగు ఇతర వ్యాధుల చెరుపే హెచ్చుగా గనబడెను. వ్యాధి పేరు చెప్పుటకే సిగ్గుపడు కుటుంబములు మరణించినవాని మెదడును పరీక్షకిచ్చుట సామాన్యమైన ధైర్యము కాదని నా యభిప్రాయము.

1996 మొదలు పలుమందులను గలిపి యిచ్చు చికిత్స వచ్చిన తరువాత తీవ్రమైన బుద్ధిక్షయము అరుదైనది. స్వల్పమైన మరపు, మందత్వము మాత్రము కొందరిలో నిలిచియే యున్నవి. రక్తమున వైరసు కానరాని స్థితిలో మరణించినవారి మైక్రోగ్లియాలో సైతము దాని జన్యుపదార్థము దొరకుచున్నది.